రెండు కవర్లు

జూన్ నెల. నంబూరు దగ్గర యూనివర్సిటీ హాలు.
తెల్లారుజామున మూడున్నరకే బస్సెక్కించారు మమ్మల్ని.
లెక్కల టీచర్నని ఈ పని నాకిచ్చారట,
పద్నాలుగో బల్ల, సైనికుల ఓట్లు.
మెడలో గుర్తింపు కార్డు, చేతిలో స్కానరు,
హాలు నిండా ఫ్యాన్లు తిప్పి తిప్పి పంచుతున్న వేడి.

ఎనిమిదింటి లోపు అందినవే లెక్క.
ఒక్క నిమిషం దాటితే
ఎన్ని కొండలు దిగొచ్చిన కవరైనా
బెల్లయ్యాక వచ్చిన పిల్లాడే,
గేటు బయట.

ముందు అన్నిటినీ స్కాన్ చేయాలి, కోయడం తర్వాత.
కవరు మీద గళ్ల బొమ్మకి ఎర్ర వెలుగు చూపిస్తాను,
టిక్ మంటుంది, పక్కన పెడతాను.
లోపల ఒక కాగితం, ఇది నేనే అని అతని మాట,
అవును ఇతనే అని ఒక ఆఫీసరు సంతకం,
దాని వెనక ఇంకో కవరు.
ఆ లోపలిది నేను ముట్టుకోవచ్చు, అడక్కూడదు.

చిరునామాల్లో ఊళ్లుండవు.
ఒక నంబరు, ఏపీఓ అని మూడక్షరాలు.
మంచో, ఇసుకో, ఉప్పునీళ్లో మనకి చెప్పరు.
ఒక కవరు కిరోసిన్ వాసనేసింది.
ఒకదాన్ని, జిగురు దొరక్క కాబోలు,
మెతుకులతో అంటించారు.
ఎండిన మెతుకు గోటికి గుచ్చుకున్నాక గుర్తొచ్చింది
పొద్దుట్నించీ నేనేం తినలేదని.

నూట ముప్ఫై ఒకటోది టిక్ మనలేదు.
గుయ్యిమంది.
తెర మీద ఎర్ర గీత: ఇది ఇంతకు ముందే వచ్చింది.
షేక్ నాగుల్ మీరా, నాయక్.
జాబితాలో చివరి భాగం, వరుస సంఖ్య నలభై ఏడు.
ఇల్లు పాత గుంటూరు.
వెతికితే దొరికింది మొదటిది, కట్టలో అడుగున,
అదే చేతిరాత, 'మీ' కొమ్ము కాస్త పైకి లేచి.

రెండొస్తే రెండూ చెల్లవు.
ఆ పక్క ఏజెంటు ఒకటైనా తీసుకోండి మేడమ్ అన్నాడు.
ఏది అంది ఈ పక్కావిడ.
ఆర్వో గారు పుస్తకం తెరవనేలేదు,
నోటికొచ్చు ఆయనకి.

ఆరో తరగతికి సున్నా ఎలా వస్తుందో చెప్పాను ఎన్నోసార్లు,
ఉన్నదాంట్లోంచి ఉన్నదంతా తీసేస్తే అని.
ఒకటికి ఒకటి కలిపినా వస్తుందని
ఏ ఏడూ చెప్పలేదు.

ఎందుకయ్యా రెండు పంపావు?
యూనిట్ కంప్యూటర్లో బ్యాలెట్ వచ్చుంటుంది,
క్లర్కు పిన్ నంబరు చెప్పుంటాడు,
ప్రింటరు సగం సిరాతో దగ్గుతూ తీసుంటుంది.
సంచీ కిందికి వెళ్లిన రాత్రే
దారి విరిగిపడిందని ఎవరన్నా అన్నారా?
మళ్లీ ప్రింటు, మళ్లీ సంతకం కోసం ఆ ఆఫీసరు గుడారం ముందు
మళ్లీ బూట్లు దులుపుకుని నిలబడ్డావా?
ఆయనకీ తెలీదా?

నేను మా వీధి చివరిదాకా వెళ్లి
తాళం వేశానో లేదో అని వెనక్కొచ్చి లాగి చూస్తాను.
నువ్వూ అంతే చేశావు.
అంతకన్నా ఏం చేశావు?

మధ్యాహ్నానికి మెజారిటీ వేలల్లోకి పోయింది.
బయట టపాకాయలు. టీ దగ్గర ఎవరో అన్నారు,
పోతే పోయిందిలెండి, ఒక్క ఓటు.
నేను జవాబు చెప్పలేదు.
రెండు కవర్లనీ మొహం మొహం కలిపి
రబ్బరు బ్యాండు వేసి
చెల్లనివాటి కట్టలో పెట్టి, కాగితం మీద
'రెండు' అని అంకెలోనూ అక్షరాల్లోనూ రాశాను.

నీ వేలికి సిరా చుక్క కూడా ఉండదు.
నా గోరు మీదిది పెరిగి పెరిగి చివరికొచ్చింది,
ఇంకో వారం, కత్తిరిస్తే అయిపోతుంది.
వచ్చేసారి ఒక్కటే పంపు అని రాద్దామంటే
నీ పేరు నేను చూడనట్టే లెక్క.

లాడ్జి సెంటర్లో దిగేసరికి రాత్రి పదిన్నర.
ఆటో వాడు అడిగాడు, ఎవరు గెలిచారమ్మా అని.
చెప్పాను.
గుమ్మం ముందు తాళంచెవి బయటకి తీసి,
తీసేముందు, ఎందుకో,
తాళాన్ని ఒకసారి లాగి చూశాను.

వేసే ఉంది.